కార్తీక వనభోజనాలు, రాయగడ: క్యారేజీల సంగతి తేల్చుకుందాం

భోజనాల జట్టు నుంచి:

అందరికీ నమస్కారం. చోటు ఖాయమైంది. నాగావళి ఒడ్డున హాతీపథర్ దగ్గరే. ఒడ్డున పొయ్యిలు పెట్టకూడదని అనుకున్నాం కదా, అందుకని ఊళ్లోనే వండి సర్దుకుని బయల్దేరతాం. పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పెరుగన్నం, బెల్లం పొంగలి. వంటవాళ్లు కుదిరారు. తేలనిది ఒక్కటే: ఇవన్నీ దేంట్లో పెట్టిస్తాం?

నా మాట ముందే చెప్పేస్తున్నాను. వాడి పారేసే వస్తువు ఒక్కటి కూడా ఈసారి ఒడ్డుకు రాకూడదు. పోయిన ఏడాది అందరూ బండ్లెక్కాక బండల సందుల్లో చూస్తే దప్పళం మరకలతో గ్లాసులు, మూతలూడిన ఫాయిల్ డబ్బాలు, వాటిలో సగం తిని వదిలేసిన పెరుగన్నం. ఈ నది ఇక్కడితో ఆగిపోదు. తోటపల్లి మీదుగా శ్రీకాకుళం దాకా పోతుంది. మనలో చాలామందికి పుట్టిల్లో అత్తారిల్లో ఆ దిగువ ఊళ్లలోనే ఉంది. ఉసిరిచెట్టుకు పూజ చేసి, ఆ చెట్టు కిందే చెత్త వదిలి రావడం నాకు అస్సలు మింగుడుపడదు.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, ట్రేలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే. అయినా దుకాణాల్లో దొరుకుతున్నాయి కనుక కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. పేపర్ గ్లాసులైతే మంచివే కదా అని కొందరు అడిగారు. నీళ్లు కారకుండా వాటి లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పూతే ఉంటుంది. అవీ వద్దు.

నేననుకున్నది ఇదీ. ప్రతి కుటుంబం తమ స్టీలు క్యారేజీ ముందురోజు సాయంత్రం వంటశాలలో ఇచ్చేయాలి. పొద్దున్నే నింపి సిద్ధంగా ఉంచుతాం. క్యారేజీ లేనివాళ్లకు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు చాలు. మంచినీళ్లకు ఎవరి సీసా వాళ్లది, ఎవరి గ్లాసు వాళ్లది. మీ అభిప్రాయాలు చెప్పండి.

రవాణా చూసే తమ్ముడు:

అక్కా, ఊళ్లోవాళ్ల సంగతి సరే. పార్వతీపురం, బొబ్బిలి నుంచి రైల్లో వచ్చే చుట్టాలు పెద్ద క్యారేజీలు మోసుకురారు. పైగా సాయంత్రం తిరుగు రైలుకు వాళ్లకు రాత్రి భోజనం కట్టివ్వాలి. మన డబ్బాల్లో పెట్టిస్తే అవి మళ్లీ మనకు చేరేదెప్పుడు? నాకు అసలు టెన్షన్ అదే.

భోజనాల జట్టు నుంచి:

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. డబ్బా కొనడం ఎంతసేపు, అది తిరిగి రావడమే కష్టం. ముంబైలో ఇంటి భోజనం ఆఫీసులకు చేర్చే డబ్బావాలాలు 1890 నుంచి ఈ పనే చేస్తున్నారు. ఏ డబ్బా ఏ ఇంటిదో, ఎక్కడికి వెళ్లాలో మూత మీద రంగులతో, అక్షరాలతో గుర్తు పెడతారు. ఖాళీ డబ్బా మళ్లీ అదే ఇంటికి చేరుతుంది. మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ఒడ్డున తినే డబ్బాలకు మూత మీదా, అడుగునా వీధి పేరులో మొదటి అక్షరం, ఇంటి నంబరు ఎర్ర పెయింటుతో రాద్దాం. మూత ఒక ఇంటికి, గిన్నె ఇంకో ఇంటికి పోయే గొడవ ఉండదు. రైలు భోజనానికి మాత్రం డబ్బా వద్దు. దానికి వేరే దారి చూడాలి.

వంటశాల పిన్ని:

ఆ దారి నేను చెబుతాను. అడ్డాకు పొట్లం. మన చుట్టూ కొండల్లో అడ్డతీగకు కొదవా? సంతలో కొండ ఊళ్ల ఆడవాళ్లు కట్టలు కట్టలు తెస్తారు. వాళ్ల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వాళ్ల చేతికే పోతుంది. ఒక్క జాగ్రత్త: అడుగున ప్లాస్టిక్ కాగితం అంటించిన విస్తర్లు ఈమధ్య వస్తున్నాయి. తిప్పి చూసి, పుల్లలతో కుట్టినవే తీసుకోండి.

పొట్లానికి రెండు ఆకులు అడ్డంగా, నిలువుగా వేయాలి. లోపల అరిటాకు ముక్క. అరిటాకును అలాగే మడిస్తే చిరుగుతుంది. వెనక ఈనె చెక్కేసి, సన్నని సెగ మీద అటూ ఇటూ తిప్పితే రంగు మారి మెత్తబడుతుంది. అప్పుడు గుడ్డలా మడత పడుతుంది. పులిహోర చల్లారాకే పెట్టాలి. వేడి మీద కడితే ఆవిరి పట్టి చెమ్మగిల్లి రాత్రికల్లా పాడవుతుంది. కట్టడానికి రబ్బరు బ్యాండ్లు వద్దు, అడ్డనార ఉంది. పైన పాత నేత చీర ముక్కతో మూట కట్టిద్దాం, ఆ గుడ్డ వాళ్లే ఉంచుకుంటారు. పెరుగన్నం మాత్రం రైలు పొట్లంలో వద్దు, పులిహోర చాలు.

ఎవరూ న్యూస్‌పేపర్ తేవద్దు. అందులోని ఇంకు తిండికి అంటుకుంటుంది, అలా కట్టొద్దని తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పింది. ఇంకొకటి, పులిహోరకు అల్యూమినియం గిన్నెలు పనికిరావు. చింతపండు పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది. స్టీలే తీసుకోండి.

కోశాధికారి:

చుట్టాలకు ఒడ్డున తినడానికి కంచాలు కావాలి కదా. కొనొద్దు, టెంట్ హౌస్‌లో స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకు ఇస్తారు. ఇక ఏటా విస్తర్లకు, గ్లాసులకు పెట్టే డబ్బు కొంచెం కొంచెం పక్కన పెడితే మన సంఘానికే ఒక సెట్టు వస్తుంది. సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీల్ బ్యాంకులని పెట్టారు. పెళ్లికీ పేరంటానికీ అక్కడి నుంచి గిన్నెలు తీసుకెళ్లి, కడిగి తిరిగిస్తారు. మనమూ అలా పెట్టుకుంటే సీమంతాలకూ అన్నప్రాశనలకూ ఉపయోగం. అది వచ్చే సమావేశంలో మాట్లాడదాం. ఈసారికి అద్దెకే నా ఓటు.

మాస్టారు:

అంతా బాగుంది. మరి కడిగేదెవరు? ప్రతిసారీ ఆడవాళ్ల మీదే పడుతుంది. ఈసారి కుర్రాళ్లూ మేమూ చూసుకుంటాం, రాసుకోండి. ఒక్క షరతు, సబ్బు నురగ నదిలోకి పోకూడదు. ఒడ్డున ఎంగిలి మెతుకులు బకెట్లోకి దులిపి, కంచాలు గోనెసంచుల్లో సర్ది తెచ్చేద్దాం. వంటశాలలో మూడు తొట్లు: మొదట మామూలు నీళ్లు, తర్వాత సబ్బు నీళ్లు, చివర మంచినీళ్లు. డబ్బా మూతల్లోని రబ్బరు రింగులు ఊడదీసి విడిగా కడగాలి, లేకపోతే దప్పళం వాసన వదలదు. మెతుకులు, ఆకులు మా పెరట్లో ఎరువు గుంతకు తీసుకెళ్తాను.

భోజనాల జట్టు నుంచి:

ధన్యవాదాలు మాస్టారూ, పెద్ద బరువు దించేశారు. అయితే ఖాయం: ఊరివాళ్లకు సొంత క్యారేజీలు, చుట్టాలకు అద్దె కంచాలు, రైలుకు అడ్డాకు పొట్లాలు. క్యారేజీలో అన్నం అడుగు గిన్నెలో, దప్పళం గట్టి మూత ఉన్న దాంట్లో, అంచుకు వేలెడు దిగువకే నింపుతాం. తక్కువ పెట్టారని ఎవరూ అనుకోవద్దు, మారు వడ్డనకు గుండిగలు వస్తాయి.

తమ్ముడూ, చుట్టాలకు ఫోన్ చేసేటప్పుడు గ్లాసు, నీళ్ల సీసా తెచ్చుకోమని మర్చిపోకుండా చెప్పు. పిన్నీ, ఆకులకు సంతకు నేనూ వస్తాను. ఎర్ర పెయింటు, సన్న బ్రష్షు ఎవరి ఇంట్లో ఉన్నాయో ఈ రాత్రికి చెప్పండి.

రవాణా చూసే తమ్ముడు:

పెయింటు మా ఇంట్లో ఉందక్కా. బ్రష్షు ఎండిపోయింది, కొత్తది తెస్తాను.