అప్‌డేట్: మేడమీది గదికి వైఫై చేరింది, కొత్త రూటర్ కొనలేదు

కడపలోని మా పాత ఇంట్లో కింద వైఫై బాగానే వస్తోంది, మేడమీద గదిలో మాత్రం వీడియో కాల్ మాటిమాటికీ తెగిపోతోంది, కొత్త రూటర్ కొనాలా అని పోయిన వారం అడిగాను.

"అసలు రూటర్ ఎక్కడుంది?" అని చాలామంది ఎదురు ప్రశ్న వేశారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఇనుప బీరువా వెనక, నేలకు జానెడు ఎత్తులో. వైర్లు కనిపిస్తే ఇల్లు అందంగా ఉండదని అమ్మ పెట్టించిన చోటు అది. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి తిప్పికొడుతుంది. మిగిలిన కాస్తను మా అడుగున్నర మందం రాతి గోడ మింగేస్తోంది. రూటర్‌ను మెట్ల పక్క గూటిలోకి మార్చడానికి పది నిమిషాలు పట్టింది, అమ్మను ఒప్పించడానికి రెండు రోజులు.

మా రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తుంది. ల్యాప్‌టాప్ కూడా 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని వేలాడుతోంది. వేగంలో అదే మేలు, గోడలు దాటడంలో మాత్రం 2.4 నయం. పైగదిలో 2.4కు మారాను. ఆ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు (సిగ్నల్ నడిచే దారులు) 1, 6, 11. ఇరుగుపొరుగు అంతా 6 మీదే ఉన్నారు, మేము 11కు జరిగాం. పైన 3 మెగాబిట్లు దాటని వేగం ఇప్పుడు 30 దాకా వస్తోంది.

ఒక్క చిక్కు మిగిలింది. వదిన మైక్రోవేవ్‌లో పాలు వేడి చేసినప్పుడు కాల్ కాసేపు తడబడుతుంది, ఆ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కదా. పాలు పొయ్యి మీద కాచమని చెప్పే ధైర్యం నాకు లేదు.