ఈసారి కలివి పొదలు విరగకాశాయి: పండ్లు ఎలా కోయాలి, ఎలా దాచాలి?

గుట్టబాట (నల్లగండ్ల, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మృగశిర కార్తె వచ్చిన తర్వాత ఆదివారం తెల్లవారుజామునే వికారాబాద్ వైపు వెళ్లాం. అక్కడ మా మిత్రుడికి కొంత పొలం ఉంది. గట్ల వెంట, పక్కనే ఉన్న రాళ్లగుట్ట మొదట్లో కలివి పొదలు ఎక్కడ చూసినా పండ్లతో నల్లబడి ఉన్నాయి. ఇంత కాపు నేను ఇదివరకు చూడలేదు. ఒకే రెమ్మకు పచ్చి కాయలు, ఎర్రబారిన దోరకాయలు, నిగనిగలాడే నల్లటి పండ్లు కలిసి వేలాడుతున్నాయి. పండు నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెంటనే కొంచెం పులుపు, చివర గింజ దగ్గర వగరు. దుకాణంలో చిన్న పెట్టెల్లో అమ్మే బ్లూబెర్రీలకు అలవాటు పడ్డ మా అబ్బాయి పొద దగ్గర నుంచి కదలనంటే కదలనన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాం. ఈసారి బుట్టెడు తెచ్చుకోవాలని ఉంది. ముళ్ల మధ్య నుంచి త్వరగా కోసే పద్ధతి ఏదైనా ఉందా? కోసినప్పుడు వచ్చే పాలు వేళ్లకూ పెదవులకూ అంటుకోకుండా ఏం చేయాలి? ఇంటికి చేరేలోపు పండ్లు నలగకుండా ఎలా తేవాలి? అన్నిటికన్నా ముఖ్యం, తినగా మిగిలినవాటిని ఏం చేస్తారు? పల్లెల్లో పెరిగినవారు చెబితే సంతోషిస్తాను.

పరిగి ఆడపడుచు (చందానగర్)

బాబూ, మీ ప్రశ్న చదవగానే ప్రాణం లేచివచ్చింది. మాది పరిగి దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను గానీ, కలివి పండ్ల కాలానికి పుట్టింటికి వెళ్లడం ఇప్పటికీ మానలేదు. నిరుడు వానలు నిండుగా పడ్డాయి, ఈ ఏడు పూత మీద వడగండ్లు పడలేదు. పూత నిలిచిన ఏడు కలివి ఇలాగే కాస్తుంది.

మీరు త్వరగా కోయాలంటున్నారు. కలివి దగ్గర తొందర పనికిరాదు. ముళ్లు జంటలు జంటలుగా, నిటారుగా, సూదుల్లా ఉంటాయి. చేతిని పైనుంచి పొదలోకి పెడితే వెనక్కి తీసుకునేటప్పుడు చర్మం చీరుకుపోతుంది. ఎడమచేతిలో చిన్న కొంకి కర్ర పట్టుకుని రెమ్మను మీ వైపు వంచుకోండి. కుడి అరచేతిని పండు కింద పెట్టి, బొటనవేలితో పండును కాస్త పక్కకు నెట్టండి. పండినదైతే తొడిమ రెమ్మకే ఉండిపోయి పండు చేతిలో పడుతుంది. లాగాల్సి వచ్చిందంటే అది ఇంకా పండలేదని లెక్క. నల్లగా కనిపించినంత మాత్రాన పండినట్టు కాదు. ఎండ వైపు నల్లబడి, నీడ వైపు ఎర్రగానే ఉన్నవి చాలా ఉంటాయి. రెమ్మను తిప్పి రెండో వైపు చూడండి.

పాల సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. చేయి తగిలితే రాలే పండుకు పాలు చాలా తక్కువ. దోరగా ఉన్నప్పుడు తుంచితేనే తొడిమ దగ్గర తెల్లటి చుక్క ఉబికి వస్తుంది, పెదవులకు బంకలా పట్టేది అదే. పనసకాయ కోసేటప్పుడు రాసుకున్నట్టే వేళ్లకు కాస్త నువ్వుల నూనె రాసుకోండి. పిల్లల పెదవులకూ రాయండి. కోసిన వెంటనే నోట్లో వేసుకోకుండా కాసేపు మోదుగాకు దొప్పలో ఉంచి తింటే ఇంకా మంచిది, ఆ కాస్త పాలూ ఆరిపోతాయి.

ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్లవద్దు. ఎండకు లోపల ఆవిరి పట్టి పండ్లు ఉడికినట్టవుతాయి. వెడల్పాటి వెదురు తట్టలో మోదుగాకులు పరిచి పలచగా పోసుకోండి. తట్ట లేకపోతే వెడల్పాటి స్టీలు పళ్లెం, మీద పలుచని బట్ట. ఇంటికి వచ్చాక కడగకండి. తినేముందు, ఎన్ని తింటారో అన్ని మాత్రమే కడుక్కోండి.

ఇంకొక మాట, ఇది మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి. రాళ్ల మధ్య పొదల మొదట్లో చిన్నపింజర అనే విషపాము చుట్టుకుని పడుకుంటుంది. ఎండిన ఆకుల్లో అసలు కనిపించదు. పొద దగ్గరకు వెళ్లేముందు కర్రతో నేలను నాలుగుసార్లు తట్టండి, కాళ్లకు బూట్లు ఉండాలి. కింద రాలిన పండ్ల కోసం పొద కిందికి చేతులు పెట్టనివ్వవద్దు. అవి పికిలి పిట్టలకూ చీమలకూ వదిలేయండి.

గట్ల మీద కోసుకోండి గానీ అనంతగిరి రిజర్వు అడవిలోకి పోయి కోయవద్దు. ఊళ్లో ఆడవాళ్లు చీకటితోనే లేచి కోసి, బస్టాండు దగ్గర గ్లాసుతో కొలిచి అమ్ముకుంటారు. ఆ నెల వాళ్లకు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది వీటితోనే. మీరు కోసుకున్నా సరే, తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల దగ్గర రెండు గ్లాసులు కొనండి, బేరం చేయకుండా.

సిద్ధవటం వాడు (ఉప్పల్)

అమ్మ చెప్పినదానికి మా కడప వైపు మాట ఒకటి కలుపుతాను. మా లంకమల అడవి అంచుల్లో కలివి పొదలు బాగా ఉంటాయి. కలివికోడి బతికేది ఆ పొదల మధ్యే. ఎనభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న పక్షి 1986లో అక్కడే మళ్లీ కనిపించింది. పొదలు నరికి పొలాలు చేసిన కొద్దీ దానికి చోటు తగ్గిపోయింది. మీ మిత్రుడు గట్లు శుభ్రం చేయిస్తానంటే కలివిని ఉంచమని చెప్పండి, దయచేసి. పొద నిలబడి ఉంటే ఏటా పండ్లు తినవచ్చు.

నగరంలో ఉన్న పొదల గురించి కూడా ఒక మాట. కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ వనం. అక్కడ ఏ కాయా కోయకూడదు, చట్టం ఒప్పుకోదు. నడకకు వెళ్లినప్పుడు చూసి సంతోషపడటమే.

స్టీలు గిన్నె (మల్కాజిగిరి)

మిగిలినవాటి సంగతి నేను చెబుతాను. పచ్చికాయలైతే వాక్కాయలాగే రెండు బద్దలు చేసి, గింజ తీసి కందిపప్పులో వేసుకోండి. చింతపండు అక్కర్లేదు. నల్లపండ్లతో మాత్రం జామ్ చేయండి. పండ్లకు మూడోవంతు ఎర్రటి దోరకాయలు కలపడం మరిచిపోవద్దు. పూర్తిగా పండినదానికంటే దోరకాయలో పెక్టిన్ ఎక్కువ, జామ్ గట్టిపడేది దానివల్లే. పులుపు కాబట్టి ఇనుము, అల్యూమినియం గిన్నెలు వద్దు, స్టీలు గిన్నెలో కొద్ది నీళ్లతో మెత్తగా ఉడికించి జల్లెడలో వడకట్టండి. గింజలు, తోలు పైన ఉండిపోతాయి. గుజ్జు ఎంతో చక్కెర దానికి కాస్త తక్కువ. చల్లటి సాసరులో చుక్క వేసి వంచితే జారకూడదు, అప్పుడు దించండి. రంగు చూస్తే మనసు నిండిపోతుంది, చిక్కటి ముదురు ఎరుపు.

అల్వాల్ నాన్నగారు

మా అమ్మాయి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఉంటుంది. నిరుడు ఆగస్టులో అక్కడ అడవి బ్లూబెర్రీలు కోశాను. ఆ మొక్కలు మోకాలి ఎత్తు కూడా ఉండవు. ఎవరూ నాటినవి కావు, నేలలోపలి కాండాలతో వాటంతట అవే పాకి మైదానమంతా పరుచుకుంటాయి. ఒక ఏడు కాచాక పొలాన్ని కోసేస్తారు లేదా కాలుస్తారు, మరుసటి ఏడు కాపు ఉండదు, ఆ పై ఏడు మళ్లీ విరగకాస్తుంది. దువ్వెన పళ్లున్న రేకు పెట్టెతో దువ్వినట్టు లాగితే పండ్లు పెట్టెలో పడతాయి. మన కలివి ముళ్ల దగ్గర ఆ పనిముట్టు సాగదు గానీ, వాళ్లు దాచే పద్ధతి మనకు పనికొస్తుంది. మా అమ్మాయి పండ్లను కడగకుండా, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో పెడుతుంది. గట్టిపడ్డాక సంచిలో పోస్తుంది. అలా చేస్తే ముద్దకట్టవు, కావలసినన్ని తీసుకోవచ్చు. ఈసారి కలివి పండ్లను ఇలాగే పెట్టాను, చక్కగా ఉన్నాయి.

గుట్టబాట (నల్లగండ్ల, హైదరాబాద్)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కొంకి కర్ర, వెదురు తట్ట సిద్ధం చేశాను. గట్ల మీది పొదల గురించి మిత్రుడికి ఫోను చేసి చెప్పాను, ముట్టుకోనని మాటిచ్చాడు. పరిగి అమ్మగారూ, ఒక్క సందేహం. శనివారం వాన పడేలా ఉంది. ఆదివారం వెళ్లవచ్చా?

పరిగి ఆడపడుచు (చందానగర్)

వాన పడిన మరునాడు వద్దు బాబూ. పండు నీరు పట్టి చప్పగా ఉంటుంది, కొన్ని పగిలి ఉంటాయి, పురుగు కూడా చేరుతుంది. రెండు ఎండలు తగలనిచ్చి వెళ్లండి. ఆరుద్ర కార్తె దాకా పండుతూనే ఉంటాయి.