గేర్ల సైకిలు చైను ఇంట్లోనే మార్చుకోవచ్చా? ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రాల సెట్టు) కూడా పోయిందంటున్నారు

బెజవాడ_21గేర్లు:
వెనక 7, ముందు 3 పళ్ల చక్రాలున్న సైకిలు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా తొక్కితే చైను టక్కుమని జారుతోంది. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. షాపులో చైనూ ఫ్రీవీలూ రెండూ మార్చాల్సిందే అంటున్నారు. చైను ఒక్కటే తెచ్చి ఇంట్లో వేసుకుంటే సరిపోదా? పానాలు, కటింగ్ ప్లయర్, సుత్తి ఉన్నాయి.

గుంటూరు_పెడల్:
కొనేముందు కొలవండి. అంగుళాల స్టీలు స్కేలు చాలు. చైను బిగుతుగా ఉన్నచోట సున్నా గీతను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త చైనుకి 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడుతుంది. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు పోతే చైను మారిస్తే చాలు. 3 మిల్లీమీటర్లు పోయిందా, షాపువాళ్లు చెప్పింది నిజమే అనుకోండి. చైను సాగిందంటాం గానీ రేకులు సాగవు. ప్రతి కీలులోనూ పిన్ను, అది కూర్చునే కన్నం అరిగి కాస్త కాస్త ఖాళీ వస్తుంది. సాగిన చైను పళ్లను కూడా తనకు తగ్గట్టు అరగదీస్తుంది.

షాపులో '21 గేర్ల చైను' అని అడక్కండి, వెనక ఎన్ని చక్రాలో అదే లెక్క. 6, 7, 8 చక్రాలకి ఒకటే చైను. గేర్లు లేని సైకిలు చైను వెడల్పు ఎక్కువ, దీనికి పనికిరాదు. చైను రెండు చివర్లనీ కలిపే క్విక్ లింకు కూడా అడిగి తీసుకోండి.

చైన్‌కట్టర్:
సుత్తి, మేకు పక్కన పెట్టేయండి. పిన్ను వంకరగా దిగి రేకు వంగుతుంది, ఆ లింకు బిగుసుకుపోతుంది. పిన్నుని బయటికి నెట్టే చైను కట్టర్ ఒకటి కొనండి. దాని సూది పిన్నుకి సరిగ్గా ఎదురుగా ఉంటేనే తిప్పాలి, లేకపోతే సూదే విరుగుతుంది.

చాలామంది పొరపాటు చేసేది పొడవు దగ్గర. పాత చైను పక్కన కొత్తది పరిచి చివరలు కలిపి కోస్తారు. పాతది ఒక శాతం సాగి ఉంటే, 110 లింకుల మీద ఒక లింకు తేడా వచ్చేస్తుంది. అందుకని లింకులు లెక్కపెట్టి కోయండి, క్విక్ లింకుని కూడా లెక్కలో వేసుకోండి. రెండు చివర్లలోనూ సన్న లింకులే మిగలాలి, వెడల్పు రేకుల పని క్విక్ లింకు చేస్తుంది.

పాతది తీసేముందు అది వెళ్లే దారి ఫొటో తీసుకోండి. ముందూ వెనకా చిన్న చక్రాల మీదికి గేరు మార్చి విప్పండి. కొత్తది ఎక్కించేటప్పుడు ముందు గేరు మార్చే రేకుల పంజరం లోపలినుంచి రావాలి. వెనక గేరు మార్చే పంజరంలో రెండు చిన్న చక్రాలుంటాయి, పై చక్రానికి ముందునుంచీ కింది చక్రానికి వెనకనుంచీ తిరగాలి. ఆ రెంటి మధ్య పంజరంలో చిన్న రేకు నాలుక ఉంటుంది, చైను దానికి లోపలివైపు పోవాలి. బయటినుంచి పోతే తొక్కినంతసేపూ గరగరమంటుంది. పాత స్పోకు ముక్కని రెండు వైపులా వంచి కొక్కెంలా తగిలిస్తే చివరలు జారిపోవు. క్విక్ లింకు తగిలించాక దాన్ని పైవైపుకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడలు మీద బరువు వేయండి, టక్‌మని కూర్చుంటుంది.

కరకట్ట:
కొత్త చైనుని డీజిల్లో కడిగే అలవాటు కొందరికి ఉంది. కంపెనీ లోపల పెట్టిన గ్రీజు అంతా పోతుంది, కడగొద్దు. పైపైన గుడ్డతో తుడిస్తే చాలు. వాడిన ఇంజన్ ఆయిలు అసలే వద్దు. బ్యారేజీ దాటి కరకట్ట మీద తిరిగే సైకిలైతే ఆ జిడ్డుకి ఇసుక పట్టి పిన్నుల్ని నూరేస్తుంది. తర్వాత్తర్వాత నూనె వేసేటప్పుడు ఒక్కో రోలరుకి (పిన్ను చుట్టూ తిరిగే గుండ్రటి ముక్కకి) ఒక్క చుక్క. కాసేపు ఆగి పైది పొడిగుడ్డతో తుడిచేయండి. మిషను నూనె వేయొచ్చు గానీ పలచన, వానల్లో నిలవదు.

బెజవాడ_21గేర్లు:
కొలిచానండీ. పిన్ను గీత దాటి దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంది. జారడం మాత్రం వెనక మధ్య చక్రాలు రెంటి మీదే. అయినా మొత్తం మార్చాలా?

గుంటూరు_పెడల్:
మీరు ఎక్కువగా వాడేది ఆ రెండే అన్నమాట, అరిగింది కూడా అవే. కొత్త చైను లింకుల దూరం, అరిగిన పళ్ల దూరం కలవవు. కొత్తది వేస్తే ఇప్పటికంటే ఎక్కువ జారుతుంది. ఇలాంటి సైకిళ్లకు చాలావాటికి వెనకది మర తిప్పి బిగించే ఫ్రీవీలే, విడిచక్రాలు దొరకవు, మొత్తం మార్చాలి. పాతదాని చిన్న, పెద్ద చక్రాల పళ్లు లెక్కపెట్టి అదే కొలత తీసుకోండి. 14, 28 పళ్లది మామూలుగా దొరుకుతుంది. ముందు చక్రాల పళ్లు సొరచేప కోరల్లా ఒకవైపు వాలకపోతే వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

చైన్‌కట్టర్:
ఒక్క ఆ ఫ్రీవీలు విప్పే పని షాపులో చేయించుకోండి. తొక్కిన ప్రతిసారీ అది ఇంకా బిగుస్తుంది కాబట్టి దాని గాళ్లలో కూర్చునే టూలూ, పొడుగు పానా లేనిదే కదలదు. కొత్తది బిగించేముందు మరలకి గ్రీజు రాయండి. మొదట చేత్తోనే తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే మర అడ్డంగా పట్టినట్టు, అల్యూమినియం హబ్బు అయితే మర కోసుకుపోతుంది. వెనక్కి విప్పి మళ్లీ పెట్టండి.