ఉపాధి హామీ ఖర్చు పేదరికాన్ని ఎంత తగ్గించిందో లెక్కగట్టేది ఎలా?

అనంతపురంలో ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాను. ప్రభుత్వ ఖర్చుకూ పేదరికానికీ ఉన్న సంబంధంపై ప్రాజెక్టు రాయాలి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది కదా అని దాన్నే ఎంచుకున్నాను. తేలిక అనుకోవడం నా పొరపాటు!

తొలి విడతలో 200 జిల్లాలు, 2007లో మరో 130, 2008లో మిగిలినవి చేరాయి. వీటిని పోల్చుదామంటే, ముందు చేరినవి బాగా వెనుకబడిన జిల్లాలు. పోలిక నిలుస్తుందా?

పైగా వాన ముఖం చాటేసి వేరుశనగ ఎండిన ఏడాది మా పక్కింటి పెద్దమ్మ చెరువు పూడికతీతకు వెళ్తుంది, ఆమె కొడుకు బెంగళూరు బస్సెక్కుతాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఉపాధి కూలా, కొడుకు పంపిన డబ్బా, రేషన్ బియ్యమా? వానను, వలసను విడదీసి మండల స్థాయిలో లెక్కగట్టే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. ఎన్ని ఇళ్లు తిరగమన్నా తిరుగుతాను.