మిలే, మోనే ఇద్దరూ కోతలైన పొలమే వేశారు, మరి తేడా ఎక్కడ?

లంకపిల్ల:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర, డ్రాయింగ్ పరీక్షకి చదువుతున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1857లో వేసిన పరిగె ఏరుకునే ఆడవాళ్ల బొమ్మ రియలిజం అంటున్నారు, అదే దేశపు మోనే వేసిన గడ్డిమేట్లేమో ఇంప్రెషనిజం. ఇద్దరూ కళ్లతో చూసిందే వేశారు కదా? నిర్వచనాలన్నీ బట్టీ పట్టాను గానీ కొత్త బొమ్మ ముందు పెట్టి ఇదేంటి అంటే టెన్షన్ వచ్చేస్తోంది. అసలు ఏం చూసి చెప్పాలి?

కోటిపల్లి రేవు:
పరిగె అన్న మాట తెలిసిన ఊళ్లో పుట్టావు, సగం పని అయిపోయిందమ్మా. మా నాయనమ్మ కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరి కొంగులో పోసుకొచ్చేది, సాయంత్రానికి నడుం పట్టేసి నిటారుగా నిలబడలేకపోయేది. మిలే బొమ్మలో మూడో మనిషిని చూడు, ఇద్దరు పూర్తిగా వంగి ఉంటే ఆవిడ సగం లేచి ఆగిపోయింది. ఇప్పుడు వెనక్కి చూడు: పెద్ద పెద్ద కుప్పలు, బండి, కుడివైపు దూరంగా గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అక్కడుంది, వీళ్లకి దక్కేది నేల మీద రాలినదే. ఫ్రాన్స్‌లో 1848 విప్లవం జరిగి పదేళ్లు కూడా కాలేదు, అందుకే కూలివాళ్లని అంత పెద్దగా వేస్తే పారిస్ పెద్దమనుషులకి నచ్చలేదు. కూర్బే అనే ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు 1849లో రాళ్లు కొట్టేవాళ్లని వేసిందీ ఈ దారే. పొలంలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అన్నదే రియలిజానికి ముఖ్యం.

రంగులడబ్బా:
మేష్టారు మిలే గురించి చెప్పేశారు కాబట్టి నేను మోనే దగ్గరికొస్తాను. ముందు ఒక మాట, అవి గడ్డిమేట్లు కావండి, మన కుప్పలే, నూర్చని గోధుమ పనలు పేర్చినవి. నూర్పిడి అయ్యేదాకా నెలల తరబడి చేలోనే ఉండేవి, అందుకే 1890-91లో తానుండే జివెర్నీ అనే ఊళ్లో అవే కుప్పల్ని పొద్దున, సాయంత్రం, మంచులో అంటూ పాతిక దాకా వేయగలిగాడు. వాటిలో మనిషి కనపడడు, కుప్ప కూడా ఒక సాకే, ఆయన వేసింది దాని మీద పడి మారిపోతున్న వెలుగుని. 1841లో రేకు ట్యూబుల్లో రంగులు వచ్చాక సామాను పొలానికి మోసుకెళ్లడం ఎంత తేలికైందో కూడా పరీక్షలో రాయి. పేరంటావా, 1874 ప్రదర్శనలో మోనే సూర్యోదయం బొమ్మ పేరులో ఉన్న ‘ఇంప్రెషన్’ అన్న మాట పట్టుకుని లెరోయ్ అనే విమర్శకుడు వెక్కిరిస్తే అదే నిలబడిపోయింది.

కొత్త బొమ్మ కనపడితే నీడ చూడమ్మా. నేను చాలా ఏళ్లు నీడకి నల్లరంగు పూసి, నా ధాన్యం కుప్పల పక్కన గొయ్యి తవ్వినట్టు ఎందుకుందా అని బాధపడ్డాను. ఎండ పడని చోటికీ ఆకాశం నుంచి వెలుగొస్తుంది కాబట్టి అక్కడ నీలం, ఊదా కనిపిస్తాయి, మోనే అదే వేశాడు.

గోదారి గట్టు:
పుస్తకాల్లో అచ్చుబొమ్మలే చూస్తూ ఉండకండి, రాజమండ్రిలో మన చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది కదా. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారాయన. ఈ శైలులు అక్కడుంటాయని కాదు, కుంచె కదిలిన తీరు అసలు బొమ్మ దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

లంకపిల్ల:
చాలా థాంక్సండి. సాయంత్రం మా చేలో కుప్ప దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఎండ ఉన్న వైపు గడ్డి పసుపుగా మండుతుంటే నీడ మాత్రం నిజంగా ఊదాగా ఉంది, ఇన్నాళ్లూ నల్లగా ఉందనే అనుకున్నాను. అల్ట్రామెరైన్‌లో కొంచెం క్రిమ్సన్ కలిపితే ఆ రంగు వస్తుందాండి?

రంగులడబ్బా:
వస్తుందమ్మా. క్రిమ్సన్ చాలా తక్కువ వెయ్యి, నీడ అంచు దగ్గర కాస్త పసుపు తగలనివ్వు.