ఊళ్లు సార్ట్ చేస్తే పిన్‌కోడ్లు మారిపోతున్నాయి (పైథాన్)

గజపతి_కుర్రాడు:
అన్నలూ, ఒడిశాలో మన వైపు ఊళ్లతో రెండు లిస్టులు రాశాను.

ఊళ్లు = పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, జయపురం
పిన్లు = 761200, 765022, 760001, 764001

ఊళ్లు.సార్ట్() (అక్షర క్రమంలో పెట్టేది) కొట్టాక గుణుపురం పక్కన 761200 వస్తోంది. అది పర్లాకిమిడిది కదా! పోనీ అని పిన్లు కూడా సార్ట్ చేస్తే ఈసారి గుణుపురానికి బరంపురం పిన్ తగులుకుంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు.

కోరాపుట్_కోడర్:
ఎర్రర్ ఎందుకొస్తుంది తమ్ముడూ? ఆ రెండు లిస్టులకీ సంబంధం ఉందని నీకు తెలుసు గానీ పైథాన్‌కి తెలీదు. వాటిని కలిపేది వరస నంబరొక్కటే. ఒకదాన్ని కదిపితే అదీ పోయింది. కదపకముందే జిప్‌తో (రెండు లిస్టుల్ని వరసగా జతలు కట్టేది) జతకట్టు:

వరసలు = సార్టెడ్(జిప్(ఊళ్లు, పిన్లు))
ఫర్ ఊరు, పిన్ ఇన్ వరసలు:
    ప్రింట్(ఊరు, పిన్)

ఫర్, ఇన్, జిప్ లాంటివి ఎడిటర్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి. ఊరు, పిన్ అన్న పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3కి అభ్యంతరం లేదు.

ఇంకోటి, «ఊళ్లు = ఊళ్లు.సార్ట్()» అని రాయకు. సార్ట్ ఉన్న లిస్టునే సర్ది, చేతికి నన్ (None, అంటే ‘ఏమీ లేదు’) ఇస్తుంది. లిస్టు గల్లంతు.

గుణుపురం_బ్యాచ్:
జిప్‌తో ఒక చిక్కుంది. ఊళ్లు అయిదు, పిన్లు నాలుగు ఉంటే అయిదో ఊరిని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. పైథాన్ 3.10 నుంచి జిప్(ఊళ్లు, పిన్లు, స్ట్రిక్ట్=ట్రూ) అని పెట్టొచ్చు, లెక్క తేడా వస్తే వేల్యూఎర్రర్ ఇస్తుంది. అలాగే జిప్ ఫలితం మీద లూప్ ఒక్కసారే తిరుగుతుంది, రెండోసారి ఖాళీ. మళ్లీ కావాలంటే లిస్ట్(జిప్(...)) చేసి దాచుకోండి.

గజపతి_కుర్రాడు:
పనిచేసింది! ఊరి పేరు ఇస్తే పిన్ రావాలంటే డిక్షనరీయే కదా?

కోరాపుట్_కోడర్:
అవును, డిక్ట్(జిప్(ఊళ్లు, పిన్లు)) చాలు. కానీ ఊరి పేరు కీగా (డిక్షనరీలో వెతికే పేరుగా) పెట్టడం నాకు నచ్చదు. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ బరంపురం ఉంది, దాని పిన్ 742101. రెండూ ఎక్కిస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, అదీ నోరెత్తకుండా. పోనీ పిన్‌ని కీ చేద్దామా అంటే, ఒక్క పిన్ కింద చాలా పల్లెలుంటాయి. జిల్లాని కలిపి («గంజాం», «బరంపురం») అని టపుల్‌ని (మార్చడానికి వీల్లేని వరసని) కీగా పెట్టు. లిస్టు కీగా పనికిరాదు, టైప్‌ఎర్రర్ వస్తుంది.