‘మంచి క్రిములు’ అనొచ్చా?

విజయవాడ, పటమట నుంచి:
మా కాలనీలో ఆడవాళ్ల కోసం పేగుల ఆరోగ్యం మీద కరపత్రం రాస్తున్నాను. పేగుల్లో ఉండే బాక్టీరియాను చాలామంది ‘మంచి క్రిములు’ అంటున్నారు. అదే వాడేయనా, ఇంతకన్నా మంచి మాట ఉందా అండీ?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:
దయచేసి ఆ మాట వద్దండీ. మా వైపు మిర్చి, పత్తి వేసే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా క్రిమిసంహారక మందు అంటే తెలుసు. క్రిమి అనగానే చంపాలనే తోస్తుంది. పైగా బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర గుర్తొస్తుంది. ‘కడుపులో మంచి క్రిములు ఉంటాయి’ అని చదివిన తల్లి, ‘మరి పిల్లాడికి ఆ మాత్ర వేయించొచ్చా?’ అని అడుగుతుంది. వేయించాలి. ఆ మాత్ర ఆల్బెండజోల్, అది పురుగులను చంపడానికి ఇచ్చే మందు, బాక్టీరియాను చంపడానికి కాదు. రెంటికీ ఒకే మాట వాడితే ఈ గందరగోళం తప్పదు.

‘సూక్ష్మజీవులు’ తప్పేం కాదు. కానీ మనకూ వాటికీ ఉన్న సంబంధం అందులో వినపడదు. నా ఓటు ‘తోడుజీవులు’ అన్న మాటకి. తోడు అంటే వెంట ఉండేది. పాలలో వేసే తోడూ అదే, అందులో ఉన్నవీ బాక్టీరియాయే.

2016లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయి. మన సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. మన కణాలకు పదింతలు అనే పాత లెక్క నిలబడలేదు, దాన్ని కరపత్రంలో వేయకండి. ఈ బాక్టీరియాలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును పులియబెడతాయి. అప్పుడు పుట్టే బ్యూటిరేట్ అనే పదార్థం పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఆహారం.

జలుబు చేయగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగేస్తాం. జలుబు వైరస్‌కి దానితో ఏమీ కాదు, దెబ్బ తగిలేది ఈ తోడుజీవులకే. ఇవి తగ్గిపోయినప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పెరిగి తీవ్రమైన విరేచనాలు పట్టుకోవచ్చు. ‘క్రిములు చచ్చాయి’ అంటే ఎవరు బాధపడతారండీ? ‘తోడు పోయింది’ అంటే నష్టం తెలుస్తుంది.

తెనాలి నుంచి:
మాట బాగుంది. కానీ పెరుగు తింటే చాలు, పేగుల్లో తోడు పడిపోతుందని జనం అనుకోరూ?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:
అనుకుంటారు మాస్టారూ, అందుకే ఒక వాక్యం కలపాలి. పెరుగు మంచిదే, కానీ అందులోని బాక్టీరియా చాలావరకు పేగుల్లో స్థిరపడవు, వచ్చి వెళ్లిపోతాయి. అసలు తోడు తల్లి దగ్గర నుంచి పడుతుంది, కాన్పులోనూ ఆ తర్వాత చనుబాలతోనూ. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి బిడ్డ పేగుల్లో ఉండే బిఫిడోబాక్టీరియా లాంటి తోడుజీవులకు ఆహారం. బిడ్డతో పాటు బిడ్డ తోడుకి కూడా తల్లి పాలిస్తోందన్నమాట! ఎన్నిసార్లు చదివినా నాకిది అద్భుతమే. సిజేరియన్ బిడ్డల్లో మొదట్లో కొంత తేడా కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ అది చాలావరకు తగ్గుతుంది. ఆ మాట కూడా రాయండి, లేకపోతే తల్లులు అనవసరంగా టెన్షన్ పడతారు. పెద్దయ్యాక ఈ తోడుజీవులను పోషించేది పప్పులు, చిక్కుళ్లు, ఆకుకూరలు, జొన్నలు.

విజయవాడ, పటమట నుంచి:
అలాగేనండీ. మా అమ్మమ్మ తోడుని ‘చేమిరి’ అనేది. అది వాడితే?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:
చేమిరి చక్కటి మాట, పోగొట్టుకోకూడదు. కానీ అది పాల గిన్నె దగ్గరే ఆగిపోతుంది, వెంట ఉండటం అనే అర్థం అందులో లేదు. తోడే ఉంచండమ్మా.